అద్దం దేనికి నాయనా?

చెప్పుకోవడానికి నామోషీగానే ఉంది. అయినా మీ ఇళ్ళ సంగతులు మీరు ఉత్తరాల్లో రాస్తే, ఇన్నాళ్ళుగా చదివి తీర్పులు చెబుతూ వచ్చినదాన్ని. నా ఇంటి సంగతి మాత్రం కొంగు చాటున దాచుకుంటే న్యాయమా?

వేసవి సెలవులకి మా అమ్మాయి కొడుకు బెంగుళూరు నుంచి తిరుచానూరు వచ్చాడు. ఎనిమిదేళ్ళవాడు. ఇక్కడ వాడికి పొద్దుపోదేమోనని మా అమ్మాయి బెంగ. పొద్దుపోకపోవడమా! యాత్రికుల బస్సులు లెక్కపెట్టడానికే వాడికి పగలు చాలలేదు. రెండో రోజుకల్లా వీధిలో పిల్లకాయలందరూ వాడి జట్టే.

ఒకరోజు పొయ్యి మీద పప్పు పెట్టి, కరివేపాకు కోసమని పెరట్లోకి పోయాను. ప్రహరీగోడ దగ్గర నలుగురు పిల్లకాయలు గుంపుగా కూర్చుని ఉన్నారు. చీపురుపుల్లకి దారంతో ఉచ్చు కట్టి తొండను పట్టారు. ఎవరి తాత డబ్బీలోంచి తెచ్చారో, దాని నోట్లో నశ్యం కూరారు. అది తల ఎగరేస్తూ గిరగిరా తిరుగుతుంటే వీళ్ళకి చప్పట్లు, ఈలలు. దారం కొస పట్టుకున్నది మావాడే.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. జబ్బ పట్టుకుని లేపి వీపు మీద రెండు, చెంప మీద ఒకటి ఇచ్చాను. "నోరులేని జీవాన్ని అట్లా ఏడిపిస్తావా? దానికి నొప్పి పుట్టదా?" అని అరిచాను. తక్కిన పిల్లకాయలు గోడ దూకి పరుగో పరుగు. ఆ గలాటాలో దారం జారిపోయి, మెడకి ఉచ్చుతోనే తొండ పొదల్లో దూరింది.

వాడు ఏడవలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని నావైపు చూసి, "దానికి నొప్పి పుడతాదని నన్ను కొడితివే, నాకు పుట్టదా అవ్వా?" అన్నాడు.

జవాబు లేదు. లోపలికి వచ్చేసరికి పప్పు అడుగంటింది.

ఆ మధ్యాహ్నం పడుకున్నానే గానీ నిద్ర పట్టలేదు. ఎప్పుడో చదివిన బుద్ధుడి కథ ఒకటి గుర్తుకొచ్చింది. శ్రావస్తి ఊరికీ ఆయన ఉండే జేతవనానికీ మధ్య దారిలో పిల్లలు కొందరు చేపల్ని పట్టి ఆడుకుంటున్నారట. ఇంకోసారి ఒక పామును కర్రతో బాదుతున్నారట. ఈ రెండు సంగతులూ 'ఉదానం' అనే పాళీ గ్రంథంలో ఉన్నాయి. చేపల పిల్లల దగ్గర బుద్ధుడు ఆగి ఒక ప్రశ్న అడిగాడు. మీకు నొప్పంటే భయమేనా, నొప్పంటే మీకు గిట్టదు గదా అని. అవును స్వామీ, భయమే, గిట్టదు అన్నారు వాళ్ళు. అట్లాగైతే ఇట్లాంటి పని చెయ్యకండి అని చెప్పాడు.

చూడండి, నేను అడిగిన ప్రశ్నా ఇంచుమించు అదే. నేను తొండ నొప్పి గురించి అడిగాను, ఆయన పిల్లవాడి నొప్పి గురించి అడిగాడు. తన నొప్పి తనకి తెలుసు గనక, అక్కణ్ణుంచి తొండ నొప్పికి పోవడానికి పిల్లవాడికి అర నిమిషం చాలు. నేను ఆ దారి చూపకుండా చెంప మీద కొట్టాను. వాడికి అర్థమైనది ఒకటే: తొండ కంటే నేను పెద్ద, నాకంటే అవ్వ పెద్ద, పెద్దవాళ్ళు కొట్టొచ్చు.

బుద్ధుడికి పిల్లల సంగతి ఏం తెలుసు, పసిబిడ్డను పొత్తిళ్ళలో వదిలి పోయినవాడేగా అని మనలో చాలామందికి లోలోపల ఒక కినుక ఉంది. నాకూ ఉంది, దాచను. యశోధర తరఫున అడిగేవాళ్ళు మనం గాకపోతే ఇంకెవరు? కానీ వినయపిటకంలో రాహులుడి కథ పూర్తిగా చదివితే ఒక విషయం తెలుస్తుంది. బుద్ధుడు కపిలవస్తుకి తిరిగి వచ్చినప్పుడు తల్లి పంపితే రాహులుడు వెళ్ళి నా వారసత్వం నాకివ్వు అని అడిగాడు. ఆయన ఇచ్చిన వారసత్వం సన్యాసం. పిల్లవాణ్ణి సంఘంలో చేర్చేశారు. అప్పుడు తాత శుద్ధోదనుడు వచ్చాడు. నువ్వు పోయినప్పుడు దుఃఖపడ్డాను, నందుడు పోయినప్పుడు పడ్డాను, ఇప్పుడు రాహులుడు పోతే ఇక ఓర్చుకోలేను, బిడ్డల మీది ప్రేమ చర్మాన్ని కోసి, మాంసాన్ని కోసి, ఎముకల్లో మూలుగ దాకా పోతుంది, తల్లిదండ్రులు ఒప్పుకోకుండా ఏ బిడ్డనూ చేర్చుకోవద్దు అని మొరపెట్టుకున్నాడు. బుద్ధుడు వాదించలేదు, వైరాగ్యం బోధించలేదు. తాత చెప్పినట్టే నియమం పెట్టాడు. అంతటి గురువూ ఒక ముసలాయన కడుపుకోత ముందు తన పద్ధతి మార్చుకున్నాడంటే, నాకు ఆయన మీది కినుక సగం తగ్గింది. మిగతా సగం యశోధర కోసం ఉంచుకున్నాను.

ఆ రాహులుడికి ఆయన పాఠం చెప్పిన తీరు మజ్ఝిమనికాయంలో ఉంది. అప్పటికి రాహులుడికి ఏడేళ్ళని వ్యాఖ్యానాల్లో రాశారు. మావాడి కంటే ఒక ఏడు చిన్న. తండ్రి వస్తుంటే పిల్లవాడు పీట వేసి, కాళ్ళకి నీళ్ళు పెట్టాడు. ఆయన కాళ్ళు కడుక్కుని చెంబులో అడుగున కాసిన్ని నీళ్ళు మిగిల్చి, అవి చూపించాడు. తెలిసి తెలిసి అబద్ధమాడేవాడి మంచితనం ఇంతే మిగులుతుందన్నాడు. ఆ నీళ్ళు పారబోశాడు, చెంబు బోర్లించాడు, మళ్ళీ తిప్పి ఖాళీ చెంబు చూపించాడు. ఒక్కొక్కదానికీ ఒక్కో మాట. ఇంట్లో ఉన్న చెంబే పలక, అందులో నీళ్ళే బలపం.

తరువాత అడిగాడు, అద్దం దేనికి అని. చూసుకోవడానికి అన్నాడు పిల్లవాడు. అట్లాగే ఏ పనైనా చూసుకుని చెయ్యాలి అన్నాడు తండ్రి. చెయ్యబోయే ముందు ఒకసారి, చేస్తూ ఉండగా ఒకసారి, చేసేశాక ఒకసారి. ఇది నాకు బాధ కలిగిస్తుందా, ఎదుటివాళ్ళకి కలిగిస్తుందా, ఇద్దరికీనా? ముందే తెలిస్తే చెయ్యకు. మధ్యలో తెలిస్తే ఆపెయ్యి. చేసేశాక తెలిస్తే పెద్దవాళ్ళ దగ్గరకి పోయి ఒప్పుకో, ఇక మీదట జాగ్రత్తపడు. చేతులతో చేసే పనికీ ఇదే, నోటితో అనే మాటకీ ఇదే, మనసులో అనుకునేదానికీ ఇదే.

నాకు నచ్చింది ఆ మధ్యలోది. చెయ్యి ఎత్తాక కూడా దించవచ్చునన్నమాట. ఎత్తిన చెయ్యి దించితే పిల్లల ముందు పలుచనైపోతామని మనకి భయం. నాకు తెలిసి ఒక్క తల్లీ అట్లా పలుచన కాలేదు.

"కొట్టకపోతే మాట వింటారా అక్కా" అని మీరు రాస్తారని నాకు తెలుసు. దండం దశగుణం అని నూరిపోసిన ఇళ్ళలోనే నేనూ పెరిగాను. మా నాయన బెల్టు ఇప్పటికీ కళ్ళముందు మెదులుతుంది. ఎందుకు కొట్టాడో మాత్రం ఒక్కసారిదీ గుర్తు లేదు. అదే ఆలోచించాల్సిన విషయం. దెబ్బ గుర్తుండి కారణం మరిచిపోతే ఇక పాఠం ఏముంది? బడుల్లో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం కూడదని 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షనే ఉంది. 2010 ఏప్రిల్ నుంచి అది అమలులోకి వచ్చింది. మన పెరట్లోకి ఆ సెక్షన్ రాదు. అక్కడ జడ్జీ మనమే, పోలీసూ మనమే, ఒక్కోసారి ముద్దాయీ మనమే.

ఈ బౌద్ధం గొడవ మనకెందుకు, మనం వెంకన్న పాదాల దగ్గర ఉన్నవాళ్ళం అంటారేమో. మన నేల మీద అదేమీ కొత్త సరుకు కాదు. తిరుపతి నుంచి కడప పోయే రైలు దారిలో నందలూరు వస్తుంది గదా, ఆ దగ్గరి గుట్ట మీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. ఇక కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ సంగతి ఆడవాళ్ళందరూ తెలుసుకోవలసినది. ఇక్ష్వాకు రాజులు వైదిక యాగాలు చేశారు. వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు బౌద్ధ విహారాలకి, స్తూపాలకి దానాలిచ్చారు. ఒకే ఇంట్లో రెండూ సాగాయి. మూడో శతాబ్దంలో శాంతమూల మహారాజు చెల్లెలు శాంతిశ్రీ అక్కడి మహాచైత్యానికి చేసిన దానాలు స్తంభాల మీద చెక్కి ఉన్నాయి. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన గురువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనం చదివితే ముచ్చటేస్తుంది. ఆ పుణ్యం తన ఒక్కదానికే చాలనుకోలేదు. అమ్మా నాన్నా, మొగుడూ, అన్నదమ్ములూ, అక్కచెల్లెళ్ళూ, వాళ్ళ పిల్లలూ, ఇట్లా పెళ్ళి శుభలేఖలో వేసినట్టు చుట్టాలందరినీ కలిపి, చివరికి లోకమంతటి మేలు కోసమని రాయించింది. ఇంటివాళ్ళ నుంచి మొదలుపెట్టి లోకం దాకా పోయింది. మనం చాలాసార్లు లోకం మీద జాలిపడి ఇంటి దగ్గరకొచ్చేసరికి అలసిపోతాం.

1954 నుంచి 1960 వరకు అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. సాగర్ నీళ్ళు నిండాక ఆ కొండ దీవి అయింది, మ్యూజియం దాని మీదే ఉంది. అంత దూరం పోలేకపోయినా, మన తిరుపతివాళ్ళం పెళ్ళి చీరలకని మద్రాసు పోతూనే ఉంటాం గదా. టీ నగర్‌లో నాలుగు గంటలు బేరమాడే ఓపికలోంచి ఒక గంట ఎగ్మూరు మ్యూజియానికి ఇవ్వండి. అక్కడ అమరావతి శిల్పాల్లో నలగిరి ఏనుగు ఉన్న గుండ్రటి పలక చూడండి. దేవదత్తుడు పంతం పట్టి రాజగృహం వీధిలోకి వదిలించిన మదపుటేనుగు అది. ఒక పక్క ఏనుగు జనాన్ని తొక్కుతూ వస్తోంది. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్ళు భయంగా తొంగి చూస్తున్నారు. ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. రెండూ ఒకే పలకలో చెక్కాడు ఆ శిల్పి. ఆయన దాని మీద మైత్రి ప్రసరించాడని, అది తొండం దించి ఆయన పాదాల దుమ్ము తలమీద చల్లుకుందని కథ.

ఇట్లా కథ చెప్పి ఊరుకుంటే పలమనేరు, కుప్పం వైపు అక్కాచెల్లెళ్ళు నన్ను తిట్టుకుంటారు. అక్కడ ఏనుగులు రాతిలో లేవు, చేలో ఉన్నాయి. 1980ల నుంచీ పక్క రాష్ట్రాల అడవుల్లోంచి మందలుగా రావడం, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడడం మీకు తెలిసిందే. రాత్రికి రాత్రి టమాటా తోటో చెరకు తోటో తొక్కేసి పోతే, అప్పు తెచ్చి సాగు చేసిన ఇల్లాలికి నేను తిరుచానూరులో పంకా కింద కూర్చుని మైత్రి బోధిస్తే వినసొంపుగా ఉంటుందా? మనుషులూ చచ్చిపోయారు, కరెంటు తీగలకి ఏనుగులూ చచ్చిపోయాయి. అక్కడ కరుణ అంటే ముందు ఆ రైతుకి నష్టపరిహారం వేళకి అందడం. పొలం పోయినవాళ్ళ బాధ తీర్చకుండా ఏనుగు బాధ గురించి మాట్లాడితే అది దయ కాదు, సుఖంగా ఉన్నవాళ్ళ కాలక్షేపం.

వంటింట్లో అహింస సంగతి కూడా చెప్పమని ఒక పాఠకురాలు అడిగింది. చీమల మందు చల్లవచ్చునా, బొద్దింకల మాటేమిటి అని. బుద్ధుడి మాటలో కర్మ అంటే చేతన, అంటే ఏ ఉద్దేశంతో చేశామనేది. నడుస్తుంటే కాలి కింద తెలియక పడిన చీమా, కావాలని నలిపిన చీమా ఒకటి కాదు. కానీ తెలియక పడేవాటి గురించి కూడా ఆయన జాగ్రత్తలు చెప్పాడు. వానాకాలంలో భిక్షువులు పచ్చగడ్డినీ పురుగుల్నీ తొక్కుతూ తిరుగుతున్నారని జనం గొణిగితే మూడు నెలలు ఒకచోటే ఉండమన్నాడు. నీళ్ళు వడకట్టుకునే గుడ్డ భిక్షువు దగ్గర ఉండాల్సిన వస్తువుల్లో ఒకటి. మా అవ్వ బావి నీళ్ళు పాత పంచెగుడ్డతో వడకట్టి, ఆ గుడ్డను మళ్ళీ బావిలోకే జాడించేది. ఎందుకని అడిగితే, "వాటి ఊరికి వాటిని పంపిస్తాండా" అనేది. ఆమె బౌద్ధం చదవలేదు, అక్షరమే రాదు.

నన్నడిగితే చక్కెర డబ్బా మూత గట్టిగా పెట్టడం, రాత్రి అంట్లు రాత్రే తోమడం, వాకిట్లో బియ్యప్పిండితోనే ముగ్గు వెయ్యడం, ఇవి చేస్తే మందు అవసరం సగం తగ్గుతుంది. దోమల విషయంలో నేను బుద్ధుడికి క్షమాపణ చెప్పుకుంటాను. ఇంట్లో పసిబిడ్డ ఉంటే మీరూ చెప్పుకోండి.

చీమల కంటే నాకు మన నోటి గురించే దిగులు. మనది అమ్మవారి ఊరు. గుడి వీధిలో పొద్దున్నే పూలబుట్టలతో కూర్చునే ఆడవాళ్ళని రోజూ చూస్తాం. ఘంటసాల గొంతులో కరుణశ్రీ గారి 'పుష్పవిలాపం' విని కొంగుతో కళ్ళొత్తుకున్న మనమే, మూర పూలకి ఐదు రూపాయలు ఎక్కువ చెప్పిందని ఆ పూలమ్మిని ఎన్నెన్ని మాటలంటామో! ఐదో శతాబ్దంలో బుద్ధఘోషుడు సింహళంలో రాసిన 'విశుద్ధిమార్గం'లో మైత్రి అలవాటు చేసుకునే వరస ఉంది. ముందు తన మీద, తరువాత తనకి ఇష్టమైనవాళ్ళ మీద, తరువాత ఇష్టమూ ద్వేషమూ లేనివాళ్ళ మీద, చివరికి గిట్టనివాళ్ళ మీద. ఆ మూడోవాళ్ళెవరా అని ఆలోచించాను. రోజూ చూస్తూ పేరైనా అడగనివాళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఒకే మనిషి దగ్గర పూలు కొంటున్నాను, పేరు మొన్ననే అడిగాను. ఆమె అనుమానంగా చూసింది, అప్పు అడుగుతానేమోనని!

పూల సంగతి వచ్చింది గనక మల్లిక కథ చెప్పకుండా ఉండలేను. శ్రావస్తిలో పూలమాలలు కట్టే ఇంటి పిల్ల, కోసల రాజు ప్రసేనజిత్తు మెచ్చి పెళ్ళాడాడు. ఒకరోజు మేడ మీద ఇద్దరూ ఉన్నప్పుడు రాజు అడిగాడు, నీకు నీకంటే ప్రియమైనవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఏ మొగుడైనా ఏ జవాబు కోసం ఆ ప్రశ్న అడుగుతాడో మనకి తెలుసు. మల్లిక మాత్రం లేరండీ, నాకు నేనే ప్రియం, మరి మీకో అంది. రాజు ఆలోచించి, నాకూ నేనే అని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడే గానీ మనసు కుదుటపడక బుద్ధుడి దగ్గరకి పోయి చెప్పాడు. ఆయన మల్లికను తప్పుపట్టలేదు. ప్రతివాళ్ళకీ తమ ప్రాణం అట్లాగే తీపి, తన మీద ప్రేమ ఉన్నవాడు అందుకే ఎదుటివాళ్ళని హింసించకూడదన్నాడు.

త్యాగం, త్యాగం అని మన చెవులు చిల్లులు పడేలా చెప్పారు గదా. తనను తాను చంపుకుని ఇంటిల్లిపాదికీ వండి వార్చి, ఆ కసి ఎక్కడో ఒకచోట తీర్చుకునే ఇల్లాళ్ళు మనలో ఎంతమంది! ఆ రోజు నేను మావాణ్ణి కొట్టింది తొండ కోసమేనా? తెల్లవారుజామునుంచి మోకాళ్ళ నొప్పి, వాలంటర్ లాగా నాలుగు సార్లు యాత్రికులకి దారి చెప్పడం, గ్యాస్ బండ అయిపోవచ్చిందన్న దిగులు, అన్నీ కలిసి వాడి వీపు మీద పడ్డాయి. మల్లిక లాగా పొద్దున్నే 'నాకు నేను ప్రియమే' అనుకుని ఒక అరగంట కాళ్ళు చాపుకుని ఉంటే, చెయ్యి అంత తొందరగా లేచేది కాదేమో.

సాయంత్రం వాడి పక్కన అరుగు మీద కూర్చున్నాను. "నొప్పి పుట్టిందా నాయనా?" అన్నాను. "ఊ" అన్నాడు. "నేను చేసింది తప్పే. దానికి నొప్పి అని నీకు చెప్పాలంటే వేరే దారి చూసుకోవాల్సింది" అన్నాను. పెద్దదాన్ని అట్లా చెప్పడం సులువేమీ కాదు. రెండు నిమిషాలు వాడు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అవ్వా, దాని మెడకి దారం అట్లే ఉండాది గదా, ఎట్ల తింటాది?" అన్నాడు.

నాకు తట్టనే లేదు. తప్పూ ఒప్పూ విచారణలో నేను మునిగిపోయాను, వాడు మధ్యాహ్నం నుంచీ ఆ దారం గురించే ఆలోచిస్తున్నాడు.

టార్చిలైటు పట్టుకుని ఇద్దరం పెరడంతా వెతికాం. కనకాంబరాల మళ్ళూ, గోరింట పొదా, నీళ్ళ తొట్టి వెనకా. వాడి చేతిలో నా కుట్టుమిషను కత్తెర. కనబడితే దారం కత్తిరించాలని. దొరకలేదు. మర్నాడు పొద్దున్నే గోడ దూకి పారిపోయిన ముగ్గుర్నీ పిలుచుకొచ్చాడు. నలుగురూ కలిసి వెతికారు. రెండు తొండలు కనబడ్డాయి గానీ వాటి మెడకి దారం లేదు.

సెలవులైపోయి వాడు బెంగుళూరు వెళ్ళిపోయాడు. ప్రతి ఆదివారం ఫోను చేస్తాడు. అమ్మవారి గురించి, బస్సుల గురించి, వీధి పిల్లకాయల గురించి అడిగాక, చివర్లో గొంతు తగ్గించి, "కనపడిందా?" అంటాడు. ఇంకా లేదు నాయనా అంటాను. కత్తెర వంటింటి కిటికీలోనే పెట్టి ఉంచాను.